మేనేజర్ కుడిచెవి

ఆదివారం పొద్దున ఆ వీధిలో ఎవరింటి ముందు చూసినా కుక్కల చెవులు తుడిచే పనే. టీ తాగడం కాగానే మెట్ల మీదకి దువ్వెనలు, దూది, గోళ్ళు తీసే కత్తెరలు వచ్చేస్తాయి. ముందు బొచ్చు దువ్వుతారు, తర్వాత గోళ్ళు తీస్తారు, చివర్లో చెవులు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన దూదిని వేలికి చుట్టి చెవి మడతలు తుడుస్తుంటే, రాబోయే వారం ఆ ఇంట్లో వాళ్ళు మాట్లాడుకోబోయే మాటలు సన్నగా బయటికి వస్తాయి. "గొడుగెక్కడ పెట్టావ్?", "మళ్ళీ కరెంటు పోయింది", "నేనా మాట అన్లేదు" లాంటివే అన్నీ. కుక్కలకి మనకంటే ముందే వినపడుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ పనిమాలా విననైనా వినరు. "అయ్యో, పాలు పొంగిపోయాయి!" అని వస్తే మాత్రం ఆ వారం పొయ్యి దగ్గర కాస్త కనిపెట్టుకుని ఉంటారు. పాలూ పొంగవు, ఆ మాటా ఎవరూ అనరు.

వీధి చివర మేడ మీద వాటాలో ఉండే వాళ్ళకి ఒక్కళ్ళకే కుక్క లేదు. ఆ ఇంటావిడ పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. "హలో" అన్న ఒక్క ముక్క చెవిన పడితే చాలు, అది ఏ వార్డు నర్సో, ఏ డాక్టరో, ఆ డాక్టరు భోజనం చేశాడో లేదో కూడా చెప్పేస్తుంది. ఇంటాయన లిఫ్టుల మెకానిక్కు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన నోటికి మూత పడదు. లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళు ఎలా అరుస్తారో, బయటికొచ్చాక ఏమీ ఎరగనట్టు టై ఎలా సర్దుకుంటారో గొంతు మార్చి మార్చి చేసి చూపించేవాడు. ఆయన తల్లికి మోకాళ్ళ నొప్పులు, కొడుకు జోకులకి నవ్వు ఆపుకోలేని జబ్బు. ఇక కూతురు. ఆ పిల్లని ఇంటిల్లిపాదీ 'పిడుగు' అనే పిలుస్తారు.

"అందరిళ్ళలో వచ్చే వారం సంగతులు తెలుస్తాయి. మనకే ఏమీ తెలీదు," అని పిడుగు రోజూ గొడవ.

"వచ్చే వారం సంగతి తర్వాత చూద్దాం. ముందు నిన్నటి లెక్కలు చెయ్యి," అనేది ఆపరేటరు. అయినా ఆ పిల్ల పోరు పడలేక ఓ సెలవు రోజున అందరూ కలిసి కుక్కల షెల్టరుకి బయల్దేరారు.

షెల్టరు ఊరి అంచున ఒక పాత గోడౌన్లో ఉంది. దాన్ని చూసుకునేది రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ. "ఏ కుక్క కావాలీ అని అడగొద్దు. మీ గొంతులు దేని చెవిలో ఉంటే అది మీది. బొచ్చు బావుందనీ, కళ్ళు బావున్నాయనీ ఎత్తుకెళ్ళిన వాళ్ళంతా మళ్ళీ ఇక్కడికే తెచ్చి దింపిపోయారు," అంది.

పిడుగు నేరుగా పోయి ఒక తెల్ల కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుంది. దాని చెవి తుడిస్తే ఎవరో మగమనిషి "షట్టర్ సగం దించు" అంటున్నాడు. ఎవరి కొట్టో, ఎవరి షట్టరో, వీళ్ళది కాదు. పిడుగు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అలా బోను తర్వాత బోను వింటూ పోతే చివర్లో, తడి గోడ పక్కన, వయసు మళ్ళిన గోధుమరంగు కుక్క ఒకటి ముందు కాళ్ళ మీద గడ్డం ఆనించుకుని అందరినీ ఎగాదిగా చూస్తోంది. పెద్దావిడ దాని ఎడమచెవి మడత తుడవగానే పిడుగు గొంతే వచ్చింది: "అమ్మా! ఇది నా సాక్సు నమిలేసింది!" ఆ వెంటనే మెకానిక్కు గొంతు: "కుక్క కాదే ఇది, మేనేజరు! వచ్చేపోయే వాళ్ళని ఎలా చూస్తోందో చూడు."

"అదిగో, నేననబోయే జోకు అదే అనేసింది," అన్నాడు మెకానిక్కు. దాంతో ఆ కుక్క పేరు మేనేజర్ అయింది.

పెద్దావిడ దాని పళ్ళు చూపించింది. బొచ్చు పాయలు తీసి పేలు లేవని చూపించింది. అటూ ఇటూ నడిపించి కుంటు లేదని చూపించింది. కుడిచెవి మాత్రం వాచి, మూసుకుపోయి ఉంది.

"ఆ చెవి చెవుడు. చీము పట్టి పాడైంది. రోజూ మందు చుక్కలు వెయ్యండి, తుడవడం మాత్రం వద్దు. వినపడని చెవిలో తుడవడానికి ఏముంటుంది?" అంది. తర్వాత గుక్క తిప్పుకోకుండా మిగతావి అప్పజెప్పింది. "చిక్కుని కొస నుంచి విప్పాలి, మొదట్లో పట్టుకుని లాగకూడదు. గోరు కొన మాత్రమే తియ్యాలి, లోపలి ఎర్ర జీర దాకా పోతే రక్తం వస్తుంది. స్నానానికి ముందే దువ్వాలి, లేకపోతే తడికి చిక్కులు బిగుసుకుంటాయి. రెండు చెవుల్లో దూది పెట్టి అప్పుడు నీళ్ళు పొయ్యాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చేత్తో చూసుకోవాలి. ఎడమచెవి కంటికి కనిపించినంత వరకే తుడవాలి. పుల్ల పెట్టి లోపలికి పోవద్దు. లోపలిది లోపలే ఉండాలి."

"పోతే ఏమవుతుంది?" అని అడిగింది పిడుగు.

"చెవి పాడవుతుంది. మనిషి కూడా పాడవుతాడు," అని ఆవిడ పక్క బోను గడియ తీయడానికి వెళ్ళిపోయింది.

మేనేజర్ ఇంటికొచ్చి గుమ్మం దగ్గర స్థిరపడిపోయింది. సాక్సు నమలాల్సిన రోజున నమిలింది. సాయంత్రం మెకానిక్కు పనినుంచి వచ్చి, గడప మీద కూర్చుని బూట్లు విప్పి, దాని తల ఒళ్ళోకి తీసుకునేవాడు. మంచి చెవి ఆయన తొడకి ఆనించి చెడ్డ చెవి పైకి పెట్టేది మేనేజర్. చుక్కలు వేస్తున్నంతసేపూ ఆయన దాని చెవిలో ఏదో గొణిగేవాడు. "వినపడని చెవిలో ఏం చెప్తావురా?" అని తల్లి అడిగితే, "ఆఫీసు రహస్యాలు. దీనికైతే ఎవరికీ చెప్పదన్న భరోసా ఉంది," అనేవాడు.

మేనేజర్ స్నానానికి నీళ్ళు కాచేది కూడా ఆయనే. బకెట్లో హీటరు రాడ్డు పెట్టి పక్కనే నిలబడేవాడు. ఒకసారి ఆపరేటరు రాడ్డు నీళ్ళలో ఉండగానే కాగాయో లేదో చూద్దామని వేలు ముంచబోతే, మెకానిక్కు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "ముందు స్విచ్చి ఆపు, తర్వాత ప్లగ్గు పీకు, ఆ తర్వాత చెయ్యి పెట్టు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అరిచాడు. ఆ పూటంతా ఆయన జోకులెయ్యలేదు. ఇల్లు ఇల్లులా లేదు.

ఒప్పుకోవలసిందే, ఆపరేటరుది మంచి మనసే గానీ ఒక చెడ్డ అలవాటుంది. లైన్లో ఎవరైనా ఉన్నారని తెలిస్తే ఫోను కింద పెట్టలేదు. ఒక ఆదివారం మేనేజర్ ఎడమచెవి తుడవడం అయిపోయింది. వారం మాటలన్నీ వచ్చేశాయి, అందులో సగం మొగుడి మాటలే. అయినా ఆ కింద, ఆ వారం దాటాక వచ్చే రోజుల్లోంచి, ఇంకా ఎవరో మాట్లాడుతున్నట్టు సన్నగా వినపడింది. అటూ ఇటూ చూసి, చెవులు తుడుచుకునే పుల్లకి దూది చుట్టి లోపలికి పోనిచ్చింది.

ముందు అత్తగారి గొంతు వచ్చింది. "ఏడవకు తల్లీ. ఇలా రా, జడ నేను వేస్తాలే."

తర్వాత పక్క వాటా ఆవిడది: "పిల్ల మొహం చూసైనా గుండె చిక్కబట్టుకోవాలి. ఇంత చిన్న వయసులో..."

పిడుగు "అమ్మా, అమ్మా" అంటోంది. ఆ పిలుపు రోజూ వినేదే. ఆపరేటరు పుల్ల తిప్పింది, దూది మార్చి మళ్ళీ తుడిచింది. ఎవరెవరో వచ్చారు, ఏవేవో అన్నారు. మొగుడి గొంతు ఒక్కసారి కూడా రాలేదు. ఎంత వెతికినా, ఎన్నిసార్లు దూది మార్చినా, ఆ గొంతు లేదు. నిద్రలో కూడా జోకులేసే మనిషి ఇంట్లో మాట్లాడలేదంటే అర్థం ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఈ సంగతి దాచుకోవాలని చూసింది, కానీ సాయంత్రానికే కక్కేసింది. అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. మెకానిక్కు నవ్వాడు. "అప్పటికైనా ఈ ఇంట్లో మీరు మాట్లాడుకోవడానికి కాస్త సందు దొరికిందన్నమాట," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి వాళ్ళమ్మ కూడా నవ్వలేదు.

"రోజూ చేసే పనే కదమ్మా. తాడు చూసుకుంటాను, బ్రేకు చూసుకుంటాను. చెవిలో వచ్చింది జరిగి తీరాలని లేదుగా. పాలు పొంగుతాయని వస్తే పొయ్యి దగ్గర ఉండి ఆపట్లేదూ?"

"పాలు పొంగాయన్న మాట వచ్చింది కాబట్టి ఆపాం," అంది ఆపరేటరు. "మాటే రాకపోతే దేన్ని ఆపాలి? ఏ లిఫ్టనీ, ఏ రోజనీ?"

ఆయన మేనేజర్ చెవి మందు సీసా కోసం లేచాడు.

ఆ తర్వాత ఆదివారాలు దువ్వడం, గోళ్ళు తీయడం పేరుకే. అందరూ చెవి కోసమే కాచుకుని కూర్చునేవాళ్ళు. వారం వారం పైన వచ్చే మాటల్లో మెకానిక్కు మాటలు తగ్గుతూ వచ్చాయి. మొదట పుల్ల బాగా లోపలికి పోతే గానీ తగలని నిశ్శబ్దం క్రమంగా పైకి పాకింది. తర్వాత పుల్ల కొనకే తగిలింది. ఆ తర్వాత వేలికే. మేనేజర్ చెవి ఎర్రగా కందిపోయింది, దువ్వెన చూస్తేనే మంచం కిందకి దూరడం మొదలుపెట్టింది. ఆ మూగజీవానికి నొప్పి పెడుతోందని తెలిసి కూడా ఆపరేటరు ఆపలేకపోయింది. ఆసుపత్రిలో కూడా ఆమె పని చెడింది. వార్డు అడిగితే వంటగదికి కలిపింది, వంటగది అడిగితే శవాల గదికి కలిపింది.

పొద్దున మొగుడు మెట్లు దిగి వెళుతుంటే బూట్ల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వింటూ నిలబడేది. ఓ రోజు ఆయన దిగాక మళ్ళీ వెనక్కి పిలిచింది.

"సెలవు పెట్టండి. ఈ గండం గడిచేదాకా లిఫ్టు మొహం చూడొద్దు."

"గండం ఎప్పుడు గడిచిందో ఎలా తెలుస్తుందే?"

"మీ గొంతు మళ్ళీ చెవిలో వస్తే తెలుస్తుంది."

అత్తగారు కూడా కోడలి పక్షమే. మెకానిక్కు సెలవు పెట్టి, ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీలోంచి లేస్తే ఒకళ్ళు, కత్తి పట్టుకుంటే ఇంకొకళ్ళు అడ్డం పడేవాళ్ళు. కరెంటు వస్తువుల జోలికైతే అసలు పోనివ్వలేదు. ఇస్త్రీపెట్టె ఆపరేటరే పెట్టేది, బల్బు మాడితే స్టూలెక్కి తనే మార్చేది. "ఒక్క స్విచ్చి ముట్టుకున్నా నా మీద ఒట్టే," అంది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆమె తడి చేతులతో బోర్డు దగ్గరికి పోవడం చూస్తూ, "తుడుచుకోవే, చేతులు తుడుచుకో," అని అరిచేవాడు. అంతకుమించి ఆయన్ని ఏమీ చెయ్యనివ్వలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆపరేటరు మెట్ల మీద కూర్చుని మేనేజర్ ఎడమచెవి మడత తుడిచింది. ముందు పైనున్న దగ్గరి రోజుల మాటలు రావాలి. అత్తగారి మాట వచ్చింది. పిడుగు "అమ్మా" అంది. మొగుడిది లేదు. పైపైనే లేదు.

"ఇవాళే," అంది ఆపరేటరు. వీధిలో పక్కింటి వాళ్ళ కుక్క చెవిలోంచి "ఆ చొక్కా నాది" అని ఎవరిదో గొంతు వస్తోంది. ఆ వీధిలో అందరికీ వచ్చే వారం ఉందనీ, తనకి లేదనీ ఆమెకి ఎక్కడలేని ఏడుపూ వచ్చింది.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. మేనేజర్ ఎక్కడో బురదలో దొర్లి వచ్చి ఉంది కాబట్టి, స్నానం చేయిద్దామని స్నానాల గదిలోకి తీసుకుపోయింది. మెకానిక్కు కుర్చీలోంచి లేచాడు. "రాడ్డు నేను పెడతాను ఉండు."

"కూర్చోండి!" అని ఆమె అరిచిన అరుపుకి అత్తగారి చేతిలో గ్లాసు జారింది. ఆయన కూర్చున్నాడు. రాడ్డు తనే బకెట్లో దించి స్విచ్చి వేసింది. నీళ్ళు కాగేలోగా మేనేజర్ని దువ్వింది. తువ్వాలు తెమ్మని పిడుగుని పంపించింది. ఎడమచెవిలో దూది పెట్టింది. ఇంకో దూది ఉండ తీసుకుని కుడిచెవి వైపు తిరిగింది.

కుళాయి నుంచి ఒక నీటిచుక్క పడింది. మేనేజర్ కుడిచెవి కదిలింది.

ఆపరేటరు నాలుక చప్పుడు చేసింది. మళ్ళీ కదిలింది. వాపు ఎప్పుడు తగ్గిందో, మూసుకుపోయిన చెవి ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూసుకోలేదు. ఇన్నాళ్ళూ రోజూ పడిన చుక్కలు తమ పని తాము చేసుకుపోయాయి. ఆమె దూదిని వేలికి చుట్టి, ఈసారి భయం భయంగా, పైపైనే తుడిచింది.

"ఏరా మేనేజరూ."

మొగుడి గొంతు! ఆమె ఒక్కసారిగా నవ్వేసింది, నవ్వుతూనే ఏడ్చింది. ఉన్నాడు. వచ్చే వారం కూడా ఉన్నాడు, ఈ గడప మీదే కూర్చుని ఈ చెవిలోనే మాట్లాడుతున్నాడు. పరిగెత్తి వెళ్ళి చెప్పాలనుకుంది. కానీ ముందు నీళ్ళ సంగతి చూడాలి, మరీ మరిగిపోతే పాపం మేనేజర్ ఒళ్ళు కాలుతుంది. సంతోషంలో మనిషి చేతులు వాటంతట అవే పని చేస్తాయి. ఎడమచేతి వేలికి దూది అలాగే ఉంది. కుడిచెయ్యి బకెట్ మీదకి చాపింది.

దూదిలోంచి గొంతు ఇంకా వస్తూనే ఉంది. అందులో జోకు లేదు.

"ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదురా. నీకైతే వినపడదు కాబట్టి చెప్తున్నా. నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు చూడు. రాడ్డు తనే పెట్టింది. స్విచ్చి ఆపకుండా చెయ్యి పెట్టేసింది. ఎన్నిసార్లు చెప్పానురా..."

నీళ్ళ పైనుంచి వచ్చే ఆవిరి ఆమె వేళ్ళకి తగులుతోంది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పక్క వాటా ఆవిడ గుండె చిక్కబట్టుకోమన్నది తనని కాదు. అత్తగారు జడ ఎందుకు వేస్తున్నారు? పిడుగు "అమ్మా, అమ్మా" అని అన్నిసార్లు పిలిస్తే ఒక్కసారైనా ఎవరైనా పలికారా? ఊళ్ళో ఎవరి గొంతైనా ఇట్టే పట్టేసే మనిషి, వారాల తరబడి ఆ చెవిలో మొగుడి గొంతు కోసం వెతుకుతూ, తన గొంతు కూడా లేదన్న సంగతే చూసుకోలేదు. తన గొంతు కోసం తను వెతుక్కోవాలని ఎవరికి తోస్తుంది?

ఆమె మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ చీరకి అదుముకుని గోడకి ఆనుకుంది.

"ఏవండీ," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. "ఏవండీ, కాస్త వచ్చి స్విచ్చి ఆపండి."

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఒట్టు పెట్టావుగా?"

"తీసి గట్టు మీద పెట్టాను. ఆపండి ముందు."

ఆయన స్విచ్చి ఆపాడు, ప్లగ్గు పీకాడు, రాడ్డు తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత చెయ్యి ముంచి చూశాడు. "కాస్త చన్నీళ్ళు కలపాలి," అని ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైందే?"

"ఏం కాలేదు," అంది ఆపరేటరు. ఆయన చొక్కా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తువ్వాలు తెచ్చిన పిడుగు ఇద్దరినీ చూసి, మేనేజర్ని చూసి, తువ్వాలు మేనేజర్ మీద పడేసి వెళ్ళిపోయింది.

మెకానిక్కు ఆ వారమే పనిలోకి వెళ్ళాడు. రాడ్డు పాత ఇనప సామాన్ల వాడికి పోయింది. మేనేజర్ నీళ్ళు ఇప్పుడు పొయ్యి మీదే కాగుతాయి.

తర్వాతి ఆదివారం మెట్ల మీద కూర్చుని, ఆపరేటరు మేనేజర్ చెవి కంటికి కనిపించినంత వరకే తుడిచింది. చెవిపుల్లలన్నీ ఆ రోజే పారేసింది. ముందు మొగుడి గొంతు, ఎవరో లావుపాటాయన లిఫ్టు తలుపులో ఇరుక్కున్న కథ. అది కాగానే ఎవరో ఆడమనిషి గొంతు వచ్చింది. కాస్త బొంగురుగా, చిరాగ్గా, ముద్దుగా ఉంది: "కదలకే, జడ వంకర పోతోంది."

ఆపరేటరు చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు ఏ వార్డులోదీ కాదు, వీధిలో ఎవరిదీ కాదు. ఎంత ఆలోచించినా పోల్చుకోలేకపోయింది. మళ్ళీ ఏం ముంచుకొస్తోందో అనుకుంది.

"ఎవరిదే ఈ గొంతు?" అని పిడుగుని అడిగింది.

పిడుగు పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పింది. "నీదేగా అమ్మా."